హోంవర్క్, హౌస్‌వర్క్

మా అన్నయ్య కూతురు మూడో తరగతి చదువుతోంది. మొన్న ఆదివారం ఇంగ్లీషు వర్క్‌బుక్ పట్టుకొచ్చి నా పక్కన కూలబడింది. రెండు మాటల్ని కలిపి ఒక మాట చెయ్యాలి, దాన్ని వాక్యంలో వాడాలి. రెయిన్, కోట్. టూత్, బ్రష్. అవన్నీ టకటకా రాసేసింది. హోం, వర్క్ దగ్గరా, దాని కిందే ఉన్న హౌస్, వర్క్ దగ్గరా ఆగింది.

“అత్తా, రెండూ ఒకటేగా? హోం అన్నా ఇల్లే, హౌస్ అన్నా ఇల్లే. రెండూ ఇంటి పనేగా?”

“కాదమ్మా. హోంవర్క్ అంటే స్కూల్లో ఇచ్చి ఇంటి దగ్గర చేసుకు రమ్మనే పని. హౌస్‌వర్క్ అంటే ఇల్లు ఊడవడం, గిన్నెలు తోమడం, వంటా, అలాంటివి.”

“హోంవర్క్ నేను చేస్తా. మరి హౌస్‌వర్క్ ఎవరు చేస్తారు?”

“అందరం,” అన్నాను. వంటింట్లోంచి గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. అది ఒకసారి అటు చూసి, మళ్ళీ పుస్తకంలోకి తల దూర్చి ఏదో రాసుకుంది.

నేను ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువాదాలు చేసి బతుకుతాను. కథలూ కవిత్వం కాదు. శిక్షణ పుస్తకాలు, సర్వే ఫారాలు, రిపోర్టులు. ఈ పనిలో నన్ను ఎక్కువసేపు ఆపేవి పెద్ద పెద్ద పదాలు కావు. రెండు చిన్న నామవాచకాలు పక్కపక్కన నిలబడి, మధ్యలో ఏమీ లేకుండా నా మొహం చూసే చోట్లే ఆగిపోతాను. హోం లోన్ అంటే ఇంటి కోసం అప్పు. హోం ఫుడ్ అంటే ఇంట్లో వండిన తిండి. హోం డెలివరీ అంటే ఇంటికి తెచ్చివ్వడం. హోంగార్డు మాత్రం మన ఇంటి ముందు కాపలా కాసేవాడు కాడు, కూడలిలో ట్రాఫిక్ మధ్య నిలబడేవాడు. నాలుగు చోట్లా హోం ఒకటే. దానికీ పక్క మాటకీ ఉన్న చుట్టరికమే మారిపోతూ ఉంటుంది. ఆ చుట్టరికాన్ని చెప్పే మాట మాత్రం ఎక్కడా లేదు.

కొబ్బరినూనె కొబ్బరితో చేస్తే బేబీ ఆయిల్ దేంతో చేస్తారు అనే జోకు మనందరికీ తెలుసు. నవ్వేసి ఊరుకుంటాం. కానీ మనకి ఆ రెండో అర్థం ఎందుకు తట్టదు? బేబీ ఆయిల్ అనే మాటలో ‘కోసం’ ఎక్కడా లేదు. వ్యాకరణం మనల్ని కాపాడలేదు. పసిపిల్లల్ని గానుగలో వెయ్యరని మనకి ముందే తెలుసు కాబట్టి సరిపోయింది.

తెలుగు మీడియంలో చదివినవాళ్ళకి ఇది కొత్త కాదు. సమాసం ఇచ్చి విగ్రహవాక్యం రాయమనేవారు. పూజాద్రవ్యం, పూజ కొరకు ద్రవ్యం, చతుర్థీ తత్పురుష. దొంగభయం, దొంగ వలన భయం, పంచమీ తత్పురుష. భయం దొంగది కాదు, ఇంట్లోవాళ్ళది అని చెప్పేది ఆ ‘వలన’ ఒక్కటే. సమాసం చేసినప్పుడు జారిపోయేది అదే. ఒక్కో మార్కు కోసం బట్టీ పట్టిన ఈ వ్యవహారం ఎంత పెద్ద ప్రశ్నో అప్పుడు నాకు తెలీదు.

ఇంగ్లీషులో ఈ జారిపోయిన ముక్కల్ని లెక్కపెట్టడానికి ప్రయత్నించినవాళ్ళున్నారు. జూడిత్ లెవీ అనే అమెరికన్ భాషాశాస్త్రవేత్త 1978లో వచ్చిన తన పుస్తకంలో, ఇలాంటి సమాసాల్లో కనపడకుండా పోయే సంబంధాలు తొమ్మిదేనని వాదించింది. కారణమవడం, కలిగి ఉండడం, తయారవడం, వాడడం, అదే అయి ఉండడం, లోపల ఉండడం, కోసం, నుంచి, గురించి. మన విభక్తుల పట్టికకి దగ్గర చుట్టంలా ఉంటుంది ఈ జాబితా. అంతకు ఏడాది ముందు, 1977లో, పమేలా డౌనింగ్ దీనికి ఎదురుగా నిలిచే మాట చెప్పింది. ఈ సంబంధాలకి లెక్క లేదని. ఆవిడ ఇచ్చిన ఉదాహరణ ‘ఆపిల్ జ్యూస్ సీట్’. ఆ మాట నిఘంటువులో వెతికితే దొరకదు. కానీ పొద్దున్నే టిఫిన్ బల్ల మీద నాలుగు చోట్ల గ్లాసులు పెట్టి ఉన్నాయి, మూడింట్లో నారింజ రసం, ఒక దాంట్లో ఆపిల్ రసం. రాత్రి ఆ ఇంట్లో పడుకున్న అతిథిని ‘ఆపిల్ జ్యూస్ సీట్లో కూర్చోండి’ అంటే తడుముకోకుండా వెళ్ళి కూర్చుంటుంది. ఆ గదిలో ఉన్నవాళ్ళకి అర్థం స్పష్టం. గది బయట ఉన్నవాళ్ళకి శూన్యం.

నాకు ఈ రెండో వాదనే ఎక్కువ నచ్చుతుంది. ఎందుకంటే అది సమాసాన్ని భాషలోంచి తీసి గదిలో పెడుతుంది. రెండు మాటల మధ్య ఏముందో తెలియాలంటే ఆ గదిలో బతికి ఉండాలి. అంటే ప్రతి సమాసమూ ఒక ఒప్పందం. ‘ఇది మనకి తెలిసిందేగా, మళ్ళీ చెప్పడం ఎందుకు’ అనే ఒప్పందం. నీతికి సంబంధించిన ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. చెప్పక్కర్లేదని తేల్చిందెవరు? ఆ ఒప్పందం జరిగినప్పుడు బల్ల దగ్గర ఎవరెవరున్నారు?

పేపర్లో రోజూ చూసే మాటల్నే తీసుకుందాం. హార్ట్ ఎటాక్, డాగ్ ఎటాక్, యాసిడ్ ఎటాక్. మూడూ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. మొదటిదాంట్లో గుండె దెబ్బ తిన్నది. రెండోదాంట్లో కుక్క దెబ్బ కొట్టింది. మూడోదాంట్లో యాసిడ్ కొట్టనూ లేదు, తిననూ లేదు. అది పనిముట్టు. సమాసంలో మొదటి మాట ఒక కుర్చీ లాంటిది. అందులో చేసినవాడైనా కూర్చోవచ్చు, పడ్డవాళ్ళైనా కూర్చోవచ్చు, చేతిలో ఉన్న వస్తువైనా కూర్చోవచ్చు. కుర్చీ ఒక్కటే కాబట్టి మిగతావాళ్ళు బయటే. యాసిడ్ ఎటాక్ అన్నప్పుడు సీసా కుర్చీలో కూర్చుంది. విసిరిన వాడు ఆ మాటలోకి రాకుండానే తప్పుకున్నాడు.

చట్టానికి ఈ సుఖం లేదు. 2024 దాకా అమల్లో ఉన్న భారత శిక్షాస్మృతిలో 2013లో చేర్చిన 326ఎ సెక్షన్ శీర్షికలో ‘యాసిడ్ ఎటాక్’ అనే మాట ఉండేది కాదు. యాసిడ్ వంటివి వాడి, కావాలని తీవ్రంగా గాయపరచడం అని ఉండేది. కోర్టులో నిలబడాలంటే చేసినవాడు కావాలి, ఉద్దేశం కావాలి, సాధనం కావాలి. అంటే విగ్రహవాక్యం రాయాల్సిందే.

‘ఈవ్ టీజింగ్’ ఇంకో రకం. మన దేశపు ఇంగ్లీషులో ముద్దుగా పెరిగిన మాట. ఈవ్ అంటే దారినపోయే ఆడపిల్ల ఎవరైనా. ఆమె కుర్చీలో ఉంది. ఏడిపించినవాడు లేడు. ఏడిపించడం అనే పని కూడా ‘టీజింగ్’ అయ్యేసరికి బావామరదళ్ళ సరసంలా తేలిపోయింది. 2023లో సుప్రీంకోర్టు, స్త్రీల గురించి పాతుకుపోయిన మూస మాటల్ని తీర్పుల్లోంచి, పిటిషన్లలోంచి తీసెయ్యడానికి ఒక కరదీపిక విడుదల చేసింది. ఈవ్ టీజింగ్ బదులు వీధుల్లో లైంగిక వేధింపు అని రాయమంది. అదే జాబితాలో ఇంకో మాట ఉంది. ‘చైల్డ్ ప్రాస్టిట్యూట్’ అని రాయొద్దు, అక్రమ రవాణాకి గురైన బిడ్డ అని రాయండి అని. పాత సమాసంలో వ్యభిచారం ఆ బిడ్డ వృత్తి, ఆ బిడ్డ గుణం. విప్పిన వాక్యంలో అది ఆ బిడ్డకి జరిగిన అన్యాయం. ‘గురైన’ అనగానే ‘ఎవరి వల్ల’ అనే ప్రశ్న వెంటనే లేచి నిలబడుతుంది. నాకు ఆ జాబితా చదువుతుంటే ఎనిమిదో తరగతి తెలుగు క్లాసు గుర్తొచ్చింది. దేశంలో అతి పెద్ద కోర్టు కూర్చుని సమాసాలకి విగ్రహవాక్యాలు రాస్తోంది.

ఇదంతా నాకు దూరం నుంచి చూసే విషయంగానే ఉండేది, కిందటేడాది ఒక రిపోర్టు వచ్చేదాకా. పిల్లలూ పనీ గురించిన రిపోర్టు. అందులో ఒక పేరాలో ‘చైల్డ్ లేబర్’, ఇంకో పేరాలో ‘చైల్డ్ వర్క్’. రెండింటికీ ఒకే తెలుగు రాశాను. పంపినవాళ్ళు ఎర్ర గీతలు కొట్టి వెనక్కి పంపారు. రెండూ వేరు, కలపకూడదు అని.

నిజమే, వేరు. పిల్లలు చేసే ప్రతి పనినీ ‘చైల్డ్ లేబర్’ అనకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ చెబుతుంది. చదువునీ ఒంటినీ పాడుచేసే పని వేరు, సెలవుల్లో అమ్మానాన్నలకి చేసే చిన్న సాయం వేరు. ఈ రెండోదాన్నే కొందరు ‘చైల్డ్ వర్క్’ అంటారు. మన చట్టం కూడా ఇలాంటి గీతే గీసింది. 1986 నాటి బాలకార్మిక చట్టం పేరులోనే నిషేధం, నియంత్రణ అని రెండు మాటలున్నాయి. కొన్ని పనులు నిషేధం, మిగతావాటికి నియమాలు. 2016 సవరణ పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడాన్ని దాదాపు పూర్తిగా నిషేధించింది కానీ, బడి అయ్యాకా సెలవుల్లోనూ కుటుంబానికీ, ప్రమాదకరం కాని కుటుంబ వ్యాపారానికీ సాయం చేస్తే తప్పు లేదంది.

ఈ గీతని ఒప్పుకోని వాదన ఒకటి మన నేల మీదే పుట్టింది. 1990ల్లో రంగారెడ్డి జిల్లా పల్లెల్లో పనిచేసిన ఎం.వి. ఫౌండేషన్, దాన్ని నడిపించిన శాంతా సిన్హా చెప్పింది చాలా సూటిగా ఉంటుంది. బడిలో లేని బిడ్డ ఎవరైనా బాలకార్మికురాలే, బాలకార్మికుడే. ప్రమాదకరమైన పని, ప్రమాదం లేని పని అని విడదీయొద్దు. ఇంట్లో తమ్ముణ్ణి ఎత్తుకున్నా, పొలంలో కలుపు తీసినా, ఆ సమయంలో ఉండాల్సింది బడిలో. 2003లో ఆవిడకి మెగసెసే అవార్డు వచ్చింది. అవార్డు సంగతి అలా ఉంచితే, భాష వైపు నుంచి చూసినప్పుడు ఆ వాదనలో నాకు కనపడేది ఇది. ‘చైల్డ్ వర్క్’, ‘చైల్డ్ లేబర్’ రెండింట్లోనూ రెండో మాట చుట్టూనే గొడవ. ఇది వర్కా, లేబరా, ఎన్ని గంటలు, ఎంత బరువు. ఆ వాదన మొదటి మాట దగ్గర ఆగమంటుంది. కుర్చీలో కూర్చున్నది బిడ్డ. ఆ బిడ్డ ఇప్పుడు ఎక్కడ ఉండాలి?

ఆ రాత్రి రిపోర్టు సరిదిద్దుతూ ‘పిల్లల పని’ అని టైపు చేశాను. తర్వాత ఎందుకో మాటల్ని తిప్పి టైపు చేశాను. ‘పనిపిల్ల’.

గుంటూరులో మా ఇంట్లో ఒక పనిపిల్ల ఉండేది. నాకు తొమ్మిదేళ్ళు, ఆమెకి పదకొండు. ఊరి నుంచి వాళ్ళ నాన్న తెచ్చి వదిలాడు. నెలకోసారి వచ్చి డబ్బు తీసుకెళ్ళేవాడు. పేరు ఇక్కడ రాయను. నన్ను ‘పాపగారూ’ అని పిలిచేది. మేమందరం ఆమెని ‘అది’ అనేవాళ్ళం. ఇందాక నా మేనకోడల్ని కూడా ‘అది’ అనే అన్నాను. ముద్దుతోనూ అదే మాట, చులకనతోనూ అదే మాట. విన్నవాళ్ళకి తేడా తెలుస్తుంది, మాటలో మాత్రం ఉండదు.

పొద్దున్న నా బ్యాగు, క్యారియరూ పట్టుకుని స్కూలు గేటు దాకా వచ్చేది. గేటు దగ్గర అవి నాకిచ్చి వెనక్కి వెళ్ళిపోయేది. నేను బడిపిల్లని, ఆమె పనిపిల్ల. సాయంత్రం ఆరింటికి నేను వరండాలో చాప మీద హోంవర్క్ చేసేదాన్ని, ఆమె లోపల హౌస్‌వర్క్ చేసేది. ఒకే ఇల్లు, ఒకే వేళ, ఇద్దరికీ ఇంటిపనే. ఒక్కోసారి పని తెమిలాక వచ్చి నా వెనక నిలబడి చూసేది. ఒకరోజు, “పాపగారూ, మీరు తప్పు రాస్తే ఏం చేస్తారు?” అని అడిగింది. “మేడం కొడుతుంది” అన్నాను. “రాయకపోతే?” “అప్పుడూ కొడుతుంది.” కాసేపు ఆలోచించి, “అయితే నాకే నయం” అని నవ్వింది. నేనూ నవ్వాను. అమ్మ లోపల్నుంచి పిలిచింది, వెళ్ళిపోయింది. రెండేళ్ళున్నాక ఒక సంక్రాంతికి ఊరెళ్ళి మళ్ళీ రాలేదు. పెళ్ళి చేశారని ఎవరో చెప్పారు.

అప్పటికి ఇది చట్టం ప్రకారం నేరం కాదు. పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని ఇంటి పనికి పెట్టుకోవడాన్ని నిషేధిత జాబితాలో చేర్చింది 2006 అక్టోబర్ 10 నుంచి. మా అమ్మానాన్నలు కొట్టలేదు, తిట్టలేదు, మేం తిన్నదే పెట్టారు. అందుకే ఈ విషయం మా ఇంట్లో ఎప్పుడూ ఒక విషయం కాలేదు.

ఇప్పుడు ఆ సమాసాన్ని విప్పమంటే ఎలా విప్పాలి? పని చేసే పిల్ల అనొచ్చు. మర్యాదగా ఉంటుంది, ఆమె ఇష్టపడి చేస్తున్నట్టు ఉంటుంది. బడిపిల్లకి బడికి వెళ్ళే పిల్ల అని అర్థం చెప్పుకున్నట్టే పనికి వెళ్ళే పిల్ల అనొచ్చు. కానీ నా బుర్రలో పదే పదే మెదిలేది వేరే మాట. పనిముట్టు. పని కొరకు ముట్టు. పనిపిల్ల, పని కొరకు పిల్ల. పూజ కొరకు ద్రవ్యం లాగా. చతుర్థీ తత్పురుషే కరెక్టు. మేం ఒక పిల్లని తెచ్చుకుని పని ఇవ్వలేదు. పని ఉంది కాబట్టి పిల్లని తెచ్చుకున్నాం.

అదీ సరిపోదు. మన వ్యాకరణంలో నిత్యసమాసం అని ఒకటుంది. తనలో ఉన్న మాటలతోనే విప్పడానికి లొంగనిది. బయటి నుంచి వేరే మాటలు తేవాలి. పనిపిల్ల నాకు అలాంటిదే అనిపిస్తుంది. ‘పని’, ‘పిల్ల’ అనే రెండు మాటలకి ఏ విభక్తి తగిలించినా అసలు సంగతి రాదు. అప్పు, కరువు, కులం, ‘ఆడపిల్లకి చదువెందుకు’, ‘నమ్మకమైన మనిషి దొరకడం కష్టం’ లాంటి మాటలన్నీ తెచ్చుకుంటే గానీ ఆ వాక్యం పూర్తి కాదు.

ఒక ప్రశ్న నన్ను నేనే వేసుకున్నాను. తప్పు మాటలదా? సమాసాలు లేకుండా మాట్లాడలేం. టీకొట్టు దగ్గర ఆవు నుంచి పిండిన పాలు అని అడగం. అన్నీ విప్పుతూ పోతే నోరు నొప్పెడుతుంది, ఎదుటివాళ్ళు పారిపోతారు. ఇంకో సంగతి, మాట మార్చినంత మాత్రాన మనిషి బతుకు మారదు. పనిమనిషి అన్నాం, మెయిడ్ అన్నాం, ఇప్పుడు అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో హెల్పర్ అంటున్నాం. సర్వీస్ లిఫ్టు మాత్రం అదే. పైగా ‘హెల్ప్’ అనే మాటలో ఒక మెలిక ఉంది. సాయానికి సెలవులుండవు, జీతం పెంపు ఉండదు. వర్కర్ అంటే ఇవన్నీ అడగొచ్చు. డొమెస్టిక్ హెల్ప్, డొమెస్టిక్ వర్కర్ రెండూ ఒకే మనిషి, ఒకే వంటిల్లు. హక్కు మాత్రం ఒక మాటలోనే ఇమిడి ఉంది.

కాబట్టి సమాసం అబద్ధం కాదు. చెప్పకుండా వదిలెయ్యడం అన్నిసార్లూ దాచడమూ కాదు. నాకు దొరికిన గీటురాయి ఒక్కటే. విప్పమని ఎవరైనా అడిగితే మనం ఇబ్బంది పడతామా లేదా? బేబీ ఆయిల్‌ని విప్పమంటే నవ్వుతూ విప్పుతాం. దొంగభయం విప్పమంటే ఒక మార్కు తెచ్చుకుంటాం. ఏ మాటని విప్పమన్నప్పుడు ‘అదంతా ఎందుకిప్పుడు’ అని గొంతు సవరించుకుంటామో, దాన్ని విప్పాల్సిన బాధ్యత మన మీద ఉన్నట్టే. ఆ బాధ్యత ఆ మాటకి బలైనవాళ్ళ మీద కాక, దాని వల్ల సుఖపడ్డవాళ్ళ మీద ముందు ఉంటుంది. ఇది భాషాశాస్త్రం చెప్పే సంగతి కాదు. నేను ఒప్పుకోవాల్సిన సంగతి.

కిందటి వారం అమ్మకి ఫోన్ చేసి ఆమె పేరు చెప్పి, ఇప్పుడు ఎక్కడుందో తెలుసా అని అడిగాను.

“ఎవరే?”

మళ్ళీ పేరు చెప్పాను. ఊరు చెప్పాను. అమ్మకి తట్టలేదు.

“అదేనమ్మా, మన పనిపిల్ల.”

“ఆఁ, అదా!” అంది అమ్మ వెంటనే. “ఎక్కడుందో ఏమో. దాన్ని ఇంటిపిల్లలా చూసుకున్నాం కదే. ఎందుకు అడుగుతున్నావ్?”

నేను ఆ ‘లా’ దగ్గరే ఆగిపోయాను. ‘ఏం లేదు, ఊరికే’ అన్నాను. అంటే నేను పెట్టుకున్న గీటురాయి మీద మొదటిసారే నేను నిలబడలేదు. విప్పాల్సిన చోట గొంతు సవరించుకున్నది నేనే.

నిన్న మేనకోడలి వర్క్‌బుక్ బల్ల మీద కనిపిస్తే తెరిచి చూశాను. హౌస్‌వర్క్ పక్కన గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది, ‘వియ్ ఆల్ డూ హౌస్‌వర్క్’ అని. పక్కనే టీచరు ఎర్ర ఇంకుతో పెట్టిన రైటు గుర్తు. వంటింట్లోంచి గిన్నెల చప్పుడు ఇంకా వస్తూనే ఉంది. ఆ వాక్యం కొట్టేసి మళ్ళీ రాయమని దానికి చెప్పాలి. దానికంటే ముందు వంటింట్లోకి వెళ్ళాలి.